సీతారావమ్మ గారి ఆటో స్టార్టర్

2003 అక్టోబరులో నన్ను నందిగామ పంపారు. అప్పటికి నేను విద్యుత్ పంపిణీ సంస్థలో డివిజనల్ ఇంజనీరుని. డెప్యుటేషన్ మీద రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్‌లో, ఇంజనీరింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. కమిషన్ కరెంటు తయారుచేయదు, అమ్మదు. అమ్మేవాళ్ళు రేటు ఎంత పెట్టాలో, సరఫరా ఎంత నమ్మకంగా ఉండాలో నిర్ణయించి, ఆ నిర్ణయం అమలైందో లేదో చూస్తుంది. ఆ చూసే పని నాలాంటి వాళ్ళది. పాత సహచరులు నన్ను చూడగానే మాటలు ఆపేసేవారు. కమిషన్‌లో వాళ్ళేమో "మీ వాళ్ళు" అంటూ సంస్థ చేసిన తప్పులన్నీ నాకు అంటగట్టేవారు. ఇల్లరికపు అల్లుడి బతుకైంది నాది.

ఆ ప్రాంతం నాకు కొత్త కాదు. ఎనభైల మొదట్లో నా తొలి పోస్టింగు జగ్గయ్యపేట సబ్‌స్టేషన్‌లోనే. అసిస్టెంట్ ఇంజనీరుగా, అంటే మా శాఖలో అందరి తిట్లూ ముందుగా తినే అధికారిగా చేరాను. కంట్రోల్ రూములో గోడకి, కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో చూపే ఫ్రీక్వెన్సీ మీటర్ ఉండేది. లోపల సన్నటి రేకులు వరసగా ఉండి, ఏ అంకె దగ్గర రేకు వణికితే ఫ్రీక్వెన్సీ అంతన్నమాట. గ్రిడ్ అంటే దక్షిణాది రాష్ట్రాలన్నీ కలిసి లాగే ఒకే బండి. బరువు పెరిగితే ఎద్దుల నడక మందగించినట్టు, వాడకం పెరిగితే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. యాభై ఉండాల్సింది నలభై ఎనిమిది దగ్గర ఈడ్చుకుంటూ ఉండేది. సాయంత్రమైతే జగ్గయ్యపేటలో ట్యూబులైట్లు వెలగడానికి మొరాయించేవి. మా ఆవిడ ఫ్యాను కింద కూర్చుని విసనకర్ర విసురుకునేది. అయినా ఆ రోజులంటే నాకిప్పటికీ ఇష్టమే. రాత్రి డ్యూటీ దిగి బస్టాండు ఎదురుగా ఇడ్లీ తింటుంటే, ఆ హోటలాయన "ఏవండీ ఏఈ గారూ, ఇవాళైనా మా గ్రైండరు తిరుగుద్దా?" అని అడిగి, నా జవాబుతో పనిలేకుండా ఇంకో గరిటె చట్నీ వేసేవాడు.

ఫ్రీక్వెన్సీ మరీ పడిపోతే పైనుంచి ఫోను వచ్చేది: ఫలానా ఫీడరు ఆపండి అని. ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళమీదుగా పోయే లైను. ఏది ముందు ఆపాలో వరస ఉండేది. ఆ వరసలో పొలాల ఫీడర్లే ముందు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, ఎవరూ అడగలేదు. టౌనులో కరెంటు పోతే నిమిషంలో ఫోను మోగుతుంది. పొలంలో మోటారు ఆగితే ఫోను చేసేవాడు లేడు.

2003 నాటికి పరిస్థితి మారింది. దక్షిణాదిలో కొత్త పద్ధతి వచ్చింది. ఫ్రీక్వెన్సీ తక్కువగా ఉన్నప్పుడు తన వాటాకి మించి లాగిన రాష్ట్రం మండిపోయే రేటు కట్టాలి. దాంతో గ్రిడ్ కుదుటపడింది, మా పాత మీటర్లో యాభై దగ్గర రేకు మళ్ళీ వణకడం మొదలైంది. కాని ఫ్రీక్వెన్సీ కాస్త తగ్గిందంటే చాలు, రేటు భయానికి పైనుంచి ఫోన్లు మునుపటికంటే ఎక్కువయ్యాయి. ఆపేది మాత్రం అవే ఫీడర్లు.

దీని ఫలితం ఆటో స్టార్టర్. మోటారు స్టార్టరు పక్కన బిగించే చిన్న రేకు పెట్టె అది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరుగుతుంది, రైతు పొలం వెళ్ళక్కర్లేదు. చెప్పిన వేళకి కరెంటు రాదు కాబట్టి ప్రతి రైతూ అది పెట్టుకున్నాడు. అక్కడే చిక్కొచ్చింది. ఫీడరు వెయ్యగానే మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. ఆ దెబ్బకి ఫీడరు పడిపోతుంది, అంటే లైను దానంతటదే ఆగిపోతుంది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడుతుంది. మధ్యలో ఎక్కడో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. "ఆటో స్టార్టర్లు తియ్యండి, సరఫరా బాగుంటుంది" అని సంస్థ అంటుంది. "సరఫరా బాగుచెయ్యండి, తీసేస్తాం" అని రైతులంటారు. పదేళ్ళుగా ఇదే తంతు.

కమిషన్ ఒక ప్రయోగానికి ఆదేశమిచ్చింది. నందిగామ సబ్‌స్టేషన్ నుంచి చందర్లపాడు వైపు వెళ్ళే ఒక ఫీడరు మీద, ఆ పంటకాలం పొడుగునా, పగలు చెప్పిన వేళల్లో కోత లేకుండా కరెంటివ్వాలి. రైతులు ఆటో స్టార్టర్లు తీసేసి, ట్రాన్స్‌ఫార్మర్ల వారీగా వంతులేసుకుని మోటార్లు వెయ్యాలి. రెండు పక్షాలూ మాట నిలబెట్టుకుంటున్నాయా లేదా అని నేను చూడాలి. చూడటమే, చెయ్యడానికి నాకు అధికారం లేదు. ఇది కుదిరితే మిగతా ఫీడర్లకీ వర్తిస్తుంది. కుదరకపోతే ఫైలు మూసేస్తారు.

ఫీడరు మీది ఒక ఊళ్ళో, సహకార సంఘం వరండాలో సమావేశం పెట్టాం. నందిగామ ఏఈ మాధవరావు విషయం చెప్పాడు. ముప్పై దాటని కుర్రాడు, మాట తక్కువ. రైతులు విన్నారు, తలలూపారు, ఒక్కరూ ముందుకి రాలేదు. అప్పుడు వెనక స్తంభం దగ్గర కూర్చున్న ఒకావిడ లేచింది. సీతారావమ్మ గారని, భర్త పోయాక మిరప, పత్తి తనే చూసుకుంటోందని పక్కనున్న వాళ్ళు చెప్పారు. కిందటేడు పూత మీద ఉండగా ట్రాన్స్‌ఫార్మర్ కాలి, కొత్తది వచ్చేసరికి ఆవిడ మిరపతోట నిలువునా ఎండిపోయిందట. అర్ధరాత్రి మోటారు చూడబోయిన పాలేరుని పాము కరిస్తే, చావు తప్పి కన్ను లొట్టబోయి బయటపడ్డాడట.

"మీ గ్రిడ్డు నిలబడాలంటే ప్రతిసారీ మా మిరపే వాలిపోవాలా అండీ?" అంది ఆవిడ, మాధవరావుని కాదు, నన్ను చూసి.

ఈసారి అలా జరగకూడదనే ఈ ఏర్పాటు అని మాధవరావు అన్నాడు.

"మాటలకేంలెండి. మీరు మాటిచ్చారు, నేను తీసేస్తా. ఈ యేడు తోట పోతే వచ్చే యేడు కౌలుకిచ్చుకోటమే, నాకింక ఓపిక లేదు," అంది.

మర్నాడు పది గంటల బస్సులో నందిగామ వచ్చి, గుడ్డ సంచిలోంచి ఆటో స్టార్టరు తీసి మాధవరావు బల్లమీద పెట్టింది. "ఇది మీ కాడే ఉంచండి బాబూ. మాట తప్పిన రోజు వచ్చి తీసుకెళ్తా," అని బస్సు వేళవుతోందని వెళ్ళిపోయింది. మాధవరావు దాన్ని ఆ ఫీడరు స్విచ్ ఉండే ప్యానెల్ మీద, అందరికీ కనిపించేలా పెట్టాడు. ఈ కబురు ఊళ్ళలో పాకింది. వారం తిరిగేలోగా మిగతా వాళ్ళూ తీసేశారు. ఆవిడ తీసేసిందంటే మగాళ్ళకి తియ్యక తప్పలేదని లైన్‌మెన్ నవ్వుతూ చెప్పాడు.

ఆ తర్వాతి రోజులు నా ఉద్యోగంలో హాయైనవి. పొద్దున్నే కంచికచర్లలో దిగి టిఫిను చేసి, నందిగామ చేరి, మధ్యాహ్నం ఫీడరు వెంబడి జీపులో తిరిగేవాణ్ణి. నల్లరేగడి చేలల్లో మిరప మొక్కల మధ్య నీళ్ళు పారుతుంటే, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లు లేచాక ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ వాళ్ళు కేకేసుకుని వేసేవారు. ఫీడరు ఒక్కసారి కూడా పడలేదు. ఇంజనీరుకి ఇంతకంటే వినసొంపైన విషయం ఇంకోటుండదు. వీరులపాడు నుంచి కూడా రైతులొచ్చి మా ఫీడరుకీ పెట్టండని అడిగారు. నేను లోలోపల పొంగిపోయాను.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం పరీక్ష వచ్చింది. ఎక్కడో ఒక పెద్ద విద్యుత్ కేంద్రంలో యూనిట్ ఆగిపోయింది. ఫ్రీక్వెన్సీ కిందికి జారుతోంది. కంట్రోల్ రూములో నేనూ, మాధవరావూ, ఆపరేటరూ ఉన్నాం. ఫోను మోగింది. ప్రతి సబ్‌స్టేషనూ తన వంతు లోడు, అంటే వాడకం, వెంటనే దించాలి. ఆమోదించిన వరసలో మొదటిది చందర్లపాడు ఫీడరే. ప్రయోగం కోసం కమిషన్ ఆదేశమిచ్చింది కాని, సంస్థలో ఎవరూ ఆ వరస మార్చలేదు. రెండు కాగితాలూ రెండు గదుల్లో ఉన్నాయి, ఒకదాన్నొకటి చూసుకోలేదు.

ఆపరేటరు చెయ్యి ఆ ఫీడరు స్విచ్ దాకా వెళ్ళింది. దానిపైనే సీతారావమ్మ గారి పెట్టె ఉంది. అతని చెయ్యి ఆగింది. మాధవరావు నావైపు చూశాడు. ఆపమని గాని, ఆపొద్దని గాని చెప్పే అధికారం నాకు లేదు. లోడు దించకుండా ఊరుకుంటే అది గ్రిడ్‌కి ద్రోహం. అందరూ అలాగే ఊరుకుంటే దక్షిణాది మొత్తం చీకటవుతుంది. ఆపితే ఆ సాయంత్రానికల్లా ఆటో స్టార్టర్లన్నీ మళ్ళీ బిగుస్తాయి.

మాధవరావు ఎక్కువసేపు ఆలోచించలేదు. మన వంతు ఎంతని ఆపరేటర్ని అడిగాడు. టౌను ఫీడరు మీద ఎంతుందో చూశాడు. సరిపోతుంది. ఆస్పత్రికి ఫోను చేసి, జనరేటరు వేసుకున్నామని వాళ్ళు చెప్పాక, నందిగామ టౌను ఫీడరు ఆపాడు. తర్వాత పైకి ఫోను చేసి లోడు దించామనీ, ఏ ఫీడరు ఆపాడో కూడా, దాచకుండా చెప్పాడు. అవతలాయన కేకలు నా దాకా వినిపించాయి.

ఆ తర్వాత టౌను మా మీద విరుచుకుపడింది. కోర్టులో విచారణ ఆగింది. మ్యాట్నీ ఆగి, టిక్కెట్టు కొన్నవాళ్ళు రోడ్డెక్కారు. ఆఫీసుల నుంచి హోదాల వారీగా ఫోన్లు. గేటు దగ్గర జనం పోగయ్యారు. వాళ్ళలో డీటీపీ సెంటరు నడిపే ఒకాయన లోపలికొచ్చి, "మిరపతోటకి కరెంటుండాల, మాకక్కర్లేదా అండీ? మేం బిల్లు కట్టట్లేదా?" అని నిలదీశాడు.

"పదేళ్ళుగా వాళ్ళ వంతే వచ్చిందండీ. ఇవాళ మీ వంతు," అన్నాడు మాధవరావు. ఆయన ఇంకేదో అనబోయి, ప్యానెల్ మీది పెట్టెకేసి చూసి, ఇదేంటని అడిగాడు. ఆపరేటరు కథంతా చెప్పాడు. ఆయన సణుక్కుంటూనే వెళ్ళాడు గాని, గేటు దగ్గర జనానికి సర్దిచెప్పింది ఆయనే.

గంట దాటాక ఫ్రీక్వెన్సీ కోలుకుంది, టౌనుకి కరెంటిచ్చాం. ఆ మధ్యాహ్నం చందర్లపాడు ఫీడరు మీద ఏమీ జరగలేదు. మోటార్లు తిరిగాయి, నీళ్ళు పారాయి. ఇంత గొడవ జరిగిందని అక్కడెవరికీ తెలియదు కూడా.

నా నివేదికలో రెండు మాటలూ రాశాను. ఆమోదించిన వరస తప్పారు. అడిగిన లోడు వెంటనే, పూర్తిగా దించారు. మొదటి మాట రాయకపోతే మాధవరావుకి మేలు చేసినవాణ్ణి అయ్యేవాణ్ణేమో, కాని ఆ నివేదికని ఎవరూ నమ్మేవారు కాదు. కమిషన్ విచారణలో సంస్థ తరఫు అధికారి క్రమశిక్షణ గురించి చాలాసేపు మాట్లాడారు. కమిషన్ సభ్యుల్లో ఒకాయన అంతా విని, కమిషన్ మాటిచ్చిన ఫీడరు మీ కోతల జాబితాలో మొదటి పేరుగా ఎలా ఉందని అడిగారు. ఆ అధికారి కాగితాలు వెతుక్కున్నారు.

ఆదేశం వచ్చింది. వేళలు ప్రకటించిన వ్యవసాయ ఫీడర్లని ఆ వేళల్లో జాబితా నుంచి తీసెయ్యాలి. మిగతావి, టౌను ఫీడర్లతో సహా, వంతులవారీగా మారాలి. ఆ జాబితా సబ్‌స్టేషన్ గోడకి అంటించాలి. ప్రయోగాన్ని మిగతా ఫీడర్లకీ పెంచాలి. ఇదే ఆదేశానికి కారణమైన మాధవరావుకి మాత్రం సంస్థ మెమో ఇచ్చింది. జవాబు రాశాడు, హెచ్చరికతో సరిపెట్టారు. అది అతని సర్వీసు రిజిస్టరులో ఉండిపోయింది. నాకు తెలిసిన వాళ్ళందరి కాళ్ళూ పట్టుకున్నాను, తీయించలేకపోయాను. ఆ బాధ నాకిప్పటికీ ఉంది. అతను మాత్రం ఆ సంగతి ఎత్తితే నవ్వేసి, కాఫీ తాగుదాం పదండనేవాడు.

మిరప కోతలయ్యాక సీతారావమ్మ గారు బ్యాంకు పనిమీద నందిగామ వచ్చి సబ్‌స్టేషన్‌లో తొంగిచూసింది. తోట బాగా పండిందట, కౌలు మాటే ఎత్తలేదు. పంటకాలం అయిపోయింది, మీ వస్తువు తీసుకెళ్ళండమ్మా అని మాధవరావు పెట్టె దించబోయాడు.

"ఉండనీండి బాబూ. రేపు మీరు బదిలీ అయిపోతారు. కొత్తాయనక్కూడా కనపడాల కదా," అంది.

2009లో రిటైరయ్యే ముందు జగ్గయ్యపేట పనిమీద వెళ్తూ నందిగామలో దిగాను. మాధవరావు వెళ్ళిపోయాక మరో ఇద్దరు ఏఈలు మారారు. పెట్టె అక్కడే ఉంది, తుడిచి ఉంది. ఛార్జి అప్పగింతల కాగితాల్లో దాని పేరు లేదు. అయినా వచ్చినాయనకి వెళ్ళే ఆయన చూపించి చెబుతున్నాడట. దాన్ని తీసుకెళ్ళడానికి ఆవిడ ఇంకా రాలేదని అప్పటి ఏఈ చెప్పాడు.

నియంత్రణ అంటే ఆదేశాలు రాయడమని నేను కమిషన్‌లో చేరినప్పుడు అనుకున్నాను. అంతే కాదని నందిగామలో తెలిసింది. కోత ఎవరికి ముందు పడాలో నిర్ణయించేవాడి ఇంట్లో కూడా, వంతు వచ్చిన రోజున, ఫ్యాను ఆగాలి. అది జరిగిన చోటే ఆదేశం అమలైంది, జరగని చోట ఫైల్లోనే ఉండిపోయింది.