పద్నాలుగో ముక్క

నాకు కోపం ఎక్కువ. నీకు చెయ్యి ముందు పోతది, బుద్ధి ఎనక నుంచి కాళ్ళీడ్చుకుంట వస్తదని మా అమ్మ అనేది. గొప్పకు చెప్తలేను. ఆ రోజు మొదటి దెబ్బ నాదే కాబట్టి ముందుగాల చెప్తున్న.

ఖమ్మంల క్లబ్బులు నడిచిన రోజుల్ల నేను పేక పంచేటోన్ని. అవి మూతపడ్డంక సత్తుపల్లిల మోటర్ల వైండింగు షాపు పెట్టుకున్న. కానీ చేతి గుల పోదు కదా. దమ్మపేట అవతల, అడివి మొదలయ్యే కాడ, ఒక పెద్ద రైతు తన మామిడితోటల ఏటా ఎండాకాలం మూడు రోజులు రమ్మీ టోర్నమెంటు పెట్టేది. ఆయన్ని అందరం బాబాయ్ అంటం. తాతల నాడు కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, మాట ఇంకా అటు యాసే. చట్టం ఒప్పుకోని ఆట కాబట్టి గేటు కాడ్నే ఫోన్లు తీసుకునేటోళ్ళు. లోపల ఏది జరిగినా లోపల్నే ఉండాలె.

పంచుడు నాది, పంచాయితీ నాది. ఎవడన్నా లొల్లి పెడితే బాబాయ్ కూడా నోరు తెరవకుండ నా దిక్కు చూసేటోడు. నేనేమంటే అది. ఆ మూడు రోజులు నన్ను నేను జడ్జిననుకునేది. సిగ్గు లేకుండ చెప్తున్న, ఆ మజానే వేరు.

రోజూ పొద్దుగాల రేకుల షెడ్డు కింద అందర్ని కూసోబెట్టి రూల్స్ చెప్పేది. కట్టను నేను తప్ప ఎవడూ ముట్టొద్దు. పంచినంక ఎవని ముక్కలు వాడు లెక్క పెట్టుకోవాలె. పదమూడుకు ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా అరవొద్దు, చెయ్యి ఎత్తి ఆగాలె, నేనొచ్చి చూసి మళ్ళీ పంచుత. ఆట మొదలైనంక ఒక ముక్క ఎక్కువ దొరికితే మాత్రం అది దాచిన ముక్కే. "దాచినోని చెయ్యి మంచం కోడు కింద పెడ్త!" అని చివరికి అనేటోన్ని. అందరు పక్కున నవ్వేది. నేను కూడా నవ్వుతందుకే అనేది. అప్పటిదాక ఎవని చెయ్యీ పెట్టలే మరి.

ఆ ఏడు అడివి లోపటి గూడెం నుంచి ఒకాయన వచ్చిండు. నడీడు మనిషి. జీలుగు చెట్లెక్కి కల్లు తీస్తడు, కొంచెం పత్తి ఏస్తడు. బాబాయ్ తోటల కాయ తెంపే పనికి కూడా వస్తడు. గెలిచినోనికి మందు కొట్టే స్ప్రేయరు ఇస్తరని విని చేరిండట. మొదట్ల అందరికీ తమాషాగ ఉండె. ఆడుతాంటే గానీ తెల్వలే. అమ్మో, ఏం ఆటది! పారేసిన ముక్క ఒక్కటి మర్చిపోడు. మొదటి రోజు ముగ్గురు పెద్ద రైతుల్ని ఓడగొట్టి పక్కన కూసోబెట్టిండు. తమాషా అన్నోళ్ళ మొకాలు మాడిపోయినయి. అందర్లకెల్ల ఎరువుల షాపాయనకు ఎక్కువ మండింది.

రెండో రోజు మధ్యాహ్నం, అన్నాలు తిన్నంక, ఆరుగురు పట్టా మీద గుండ్రంగ కూసున్నరు. నేను పంచిన. అందరు ముక్కలు సర్దుకుంటున్నరు. గూడెమాయన చెయ్యి ఎత్తిండు.

నేను చూసిన. చూడలేదని చెప్తే ఇన్నేళ్ళల్ల కొంచెం నిద్రన్న పట్టేది. చూసిన. మంచినీళ్ళు కావాలంటున్నడేమో అనుకున్న. వేరే రైతు ఎవరన్న చెయ్యి ఎత్తితే అట్ల అనుకుందునా? "తర్వాత తర్వాత, ఆడు ముందు!" అని కసిరిన. ఆయన చెయ్యి దించలే. పక్కన ఎరువుల షాపాయన "నీ వంతే, ముక్క లాగు, ఎంతసేపు!" అని గద్దించిండు. మిగిలినోళ్ళు కూడా ఒర్రిన్రు. చెయ్యి దించి ముక్క లాగిండు.

పావుగంటల ఒక ముక్క బోర్లేసి షో పెట్టిండు. పదమూడు ముక్కలు వరుసగ పరిచిండు, ఒక్క తప్పు లేదు. తర్వాత చేతుల మిగిలిన ఒక ముక్కను నా దిక్కు చాపి, "అన్నా, ఇది ఎక్కువొచ్చింది" అన్నడు.

"దొంగ నాయాలు! ముక్క దాసిండు!" అని ఎరువుల షాపాయన లేసిండు.

నేను ఆ ముక్క గుంజుకొని చెంప మీద ఒక్కటిచ్చిన. "ఇప్పుడు చెప్తవా బే? షో అయినంక చెప్తవా?" ఆయన తల పక్కకు పోయి, మళ్ళ నా దిక్కు తిరిగింది. "చెయ్యెత్తిన కద అన్నా" అన్నడు. రెండోది కూడా ఇచ్చిన. పంచుడుల నాకు తప్పు పడ్తదా? నన్నే అంటడా?

నేను కొట్టుడే ఆలస్యం. పది మంది మీద పడ్డరు. గొడ్డును బాదినట్టు బాదిన్రు. ఒకడు చెప్పు తీసి మూతి మీద కొట్టిండు, ఒకడు కడుపుల తన్నిండు. నిన్న ఓడిపోయిన ముగ్గురున్నరే, వాళ్ళు వంతులేసుకొని కొట్టిన్రు. పెదవి చిట్లి పట్టా మీదున్న ముక్కల మీద నెత్తురు పడ్డది. బాబాయ్ కుర్చీల్నే కూసొని, "ముక్కలు ఖరాబవుతాయిరా, అవతలికి లాగండి" అన్నడు.

లాగిన్రు. లాగి షెడ్డు మూలకున్న నవారు మంచం కాడ పడేసిన్రు. ఎవడో నా మాటే అన్నడు, "మంచం కోడు!" అని. ఈసారి ఎవడూ నవ్వలే. ఇద్దరు మంచం లేపిన్రు, ఒకడు ఆయన కుడిచెయ్యి కోడు కిందికి తోసి మోకాలు పెట్టి అదిమిండు.

అప్పుడు నా చేతుల ఉన్న ముక్కను కింద పడేద్దామని చూసిన. పడలే. బొటనేలుకు అతుక్కున్నది. చూస్తే ముక్క వెనక గోధుమ రంగు మరక, నా బొటనేలు మీద అదే మరక. సొన. పంచే ముందు పచ్చికాయ కోసుకొని ఉప్పుకారం అద్దుకొని తిన్న. చెయ్యి కడుక్కోకుండ లుంగీకి తుడుసుకొని కూసున్న. ఇరవై ఏండ్లు పేక పంచిన చెయ్యి, రెండు ముక్కలు అతుక్కొని పోతాంటే తెల్సుకోలే.

ఆగున్రి, తప్పు నాది. అంతే అనాలె. నోరు తెరిస్తే అయిపోతుండె. మంచం ఇంకా పైనే ఉన్నది. నేను తేలు కుట్టిన దొంగలెక్క నిలబడ్డ. ఇంతమంది ముంగట నా చెయ్యి తప్పిందని ఎట్ల చెప్పాలె, చెప్తే రేపటిసంది నా మాట ఎవడు వింటడు, ఇదే నా నెత్తిల తిరిగింది. తూ నా బతుకు.

మంచం దించిన్రు. ఇద్దరు ఎక్కి కూసున్నరు. ఎరువుల షాపాయన మీదికెక్కి ఎగిరిండు. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆయన అరిచిన అరుపుకు తోటల పిట్టలన్ని లేసినయి. ఇంకోసారి ఎగిరిండు.

అప్పుడు ఒర్రిన. "దిగున్రి! దిగున్రి బే! తప్పు నాది! సొనకు అతుక్కొని నేనే రెండు ముక్కలేసిన!"

అందరు ఆగిన్రు. ముక్క చూపిచ్చిన, బొటనేలు చూపిచ్చిన. నన్ను చంపుతరనుకున్న. చంపినా మంచిదే అనుకున్న.

బాబాయ్ ముక్కను ఎండకు పెట్టి చూసి నవ్విండు. "ఓస్, అదా! పోనీలేరా, ఎంత చేయి తిరిగినోడికైనా ఓసారి పొరపాటొస్తుంది." ఎరువుల షాపాయన నా వీపు తట్టిండు. "గింతదానికి గన్ని చెమటలేంది అన్నా? నీళ్ళు తాగు." ఒకడు చెంబు తెచ్చి ఇచ్చిండు. నాకు! మంచం కింద మనిషి చెయ్యి పట్టుకొని ముడుసుకుపోయి మూలుగుతుంటే నాకు నీళ్ళిచ్చిన్రు.

"అయితే ఈ ఆట చెల్లదుగా," అన్నడు బాబాయ్. "కట్ట మార్చి మళ్ళీ పంచు."

పంచిన. అబద్ధం చెప్తే ఏమొస్తది? చెయ్యి కడుక్కొని వచ్చి, ఐదుగురికి పంచిన. రెండు ఆటలు అయ్యేదాక ఆయన మామిడి చెట్టు మొదట్ల కూసొనే ఉన్నడు. ఆ తర్వాత నా బండి మీద దవాఖానాకు తీస్కపోయిన. సత్తుపల్లే దగ్గర పడ్తది. కానీ అక్కడ నన్ను గుర్తుపడ్తరని, ఆ విరిగిన చెయ్యితోటి భద్రాచలం దాక తీస్కపోయిన. ప్రతి గుంతకు ఆయన నొసలు నా వీపుకు తగిలేది.

ఏమైందని డాక్టరడిగితే, "చెట్టు మీదికెల్లి పడ్డ" అన్నడు నా దిక్కు చూడకుంట. గేటు కాడ వాళ్ళు చెప్పి పంపిన మాట అది. డాక్టరు నన్నడిగిండు. "అవ్" అన్న.

మూడు వేళ్ళు మళ్ళ వంగలే. పట్టు లేని చెయ్యితోటి చెట్టెక్కలేడు, కత్తి పట్టలేడు. నేను ఆ తోటకు మళ్ళ పోలే, పేక ముట్టలే. అట్లని నన్నెవడు మెచ్చుకోవద్దు.

వానలు పడ్డంక ఒకనాడు ఆగబట్టలేక గూడెం పోయిన. ఆయన గడపల నిలబడి ఉండె. ఎడమ చెయ్యితోటి రెండేళ్ళ బిడ్డను ఎత్తుకున్నడు. కుడి చెయ్యి పక్కకు ఏలాడుతుంది. నన్ను చూసి కూసోమన్నడు. నేను కూసోలే. దార్ల అనుకున్న మాటలన్ని మర్చిపోయి, నోట్లకెల్లి ఒక్కటే వచ్చింది. "నన్ను కొట్టు. నీకు పుణ్యముంటది, నాలుగు కొట్టు."

ఆయన బిడ్డను చూసిండు, ఏలాడే చెయ్యిని చూసిండు. కోపం లేదు, ఎగతాళి లేదు. నిజంగనే తెల్వక అడిగినట్టు అడిగిండు.

"ఏ చెయ్యితోటి కొట్టాలె అన్నా?"