అది అయ్యగారి మాట కాదు

అయ్యగారి గొంతును దొంగిలించిందెవరో నాకు తెలియదు. ఊరూరా పంచింది మాత్రం మీరే. అవును, ఇది చదువుతున్న మీరే.

పెద్దేముల్‌లో మా సంఘానికి పాస్టరుగా ఉన్న అయ్యగారు సోమవారం తాండూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. గంట తిరక్కముందే సంఘం వాట్సాప్ గ్రూపులో 'అయ్యగారి చివరి సందేశం' అంటూ ఆ పాత ఆడియో మళ్లీ వచ్చింది. కింద వరసగా ఆమెన్లు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మొన్నటి ఎన్నికల ముందు ఎవరో కంప్యూటరులో అచ్చం ఆయన గొంతు తయారుచేసి, ఫలానా గుర్తుకు ఓటెయ్యడమే దేవుని చిత్తమని పలికించారు. మనవాళ్లు పూర్తిగా విన్నారా? అయ్యగారి గొంతు వినపడగానే ఆమెన్ పెట్టి, వికారాబాద్ చుట్టాలకు పంపేశారు. ప్రార్థన అయ్యాక అనాల్సిన మాటను మొదట్లోనే అనేస్తే ఇంతే.

ఆదివారం ఆరాధనలో దేవుని మేలుకు సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా లేస్తే అయ్యగారు ఒకటే అడిగేవారు.

"చూసినవా, విన్నవా?"

"విన్న అయ్యగారు."

"అయితే కూసో. చూసినోళ్లను లేవమను."

ఆయనతో నేను ఎన్నోసార్లు గొడవపడ్డాను. పేదవాళ్లను ముంచే పార్టీ ఏదో వేదిక మీద నుంచి చెప్పరేమని నిలదీశాను. రేషన్ కార్డుల ధర్నాలో ఆయన ముందు వరసలో కూర్చున్న మనిషే కదా!

"నువ్వు పేపర్ల రాస్తవు, జవాబిచ్చెటోడు ఇస్తడు. నా ముంగట అందరు తలకాయ వంచుకొని కూసుంటరు. వంచిన తలకాయల ఓటు ముచ్చట ఎక్కించుడు దొంగతనం రా!"

ఆ జవాబు మీద నాకింకా కోపమే. కానీ ఆయన ఆ మాట ఎన్నడూ తప్పలేదు. అందుకే ఆ ఆడియో ఆయన్ను అంతగా కోసింది. అది తన మాట కాదని చెప్పడానికి షేర్ ఆటోల్లో ఊళ్లు తిరిగారు. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. బంట్వారంలో ముసలి దీనమ్మ ఒప్పుకోలేదు.

"గొంతు మీదే గద అయ్యగారు!"

"గొంతు నా అసొంటిదే. మాట నాది గాదమ్మా."

"మరి గిప్పుడు మాట్లాడేది మీరేనా, గా కంప్యూటరేనా?"

"గిచ్చి చూడు" అని చెయ్యి చాపారు. ఆమె నిజంగానే గట్టిగా గిచ్చింది. అందరం నవ్వాం. తిరుగు ఆటోలో ఆయన ముంజేతి మీది ఎర్రటి మచ్చను రుద్దుకుంటూ కూర్చున్నారు.

సమాధి దగ్గర దీనమ్మ శవపెట్టెలోకి వంగి, అదే చేతిని నిమిరింది. "గీయన గట్ల అనలే. నేను చూసిన" అంది. వినడానికి ఎవరున్నారు? అందరూ ఫోన్లెత్తి వీడియో తీస్తున్నారు.

ఈ ఆదివారం అయ్యగారి జ్ఞాపకార్థం జరిగే ఆదరణ కూడికకు వచ్చేవాళ్లకు నా డిమాండ్లు ఇవి:

ఆ ఆడియోను మీ ఫోన్లలోంచి తీసేయండి.

ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ అది అబద్ధమని చెప్పండి.

ఏ పార్టీ నాయకుడికీ మైకు ఇవ్వొద్దు. నాకు నచ్చిన పార్టీవాళ్లకు కూడా.

మొదటి సాక్ష్యం దీనమ్మను చెప్పనివ్వండి.

ఆమె చెప్పేది చివరిదాకా వినండి. ఆమెన్ ఆ తర్వాత.