నాయనమ్మ చూడాలనుకున్న ముఖం

నా చిన్నప్పుడు, మా నాయనమ్మ కళ్ళు పోతున్న వేసవిలో, మా తాతయ్య గూడు బండి కట్టుకుని ఆమెను చుట్టాల ఊళ్ళకు తీసుకుని బయలుదేరాడు. సూర్యాపేట దవాఖానలో డాక్టరు నీటికాసులని చెప్పాడు. పోయిన చూపు ఇక రాదనీ, ఉన్నది కూడా ఎన్నాళ్ళుంటుందో తెలియదనీ అన్నాడట. నాయనమ్మ ఏడవలేదు. "మా తమ్ముణ్ణి, మా చెల్లెను ఒక్కసారి సూసొస్త," అని మాత్రం అంది. తమ్ముడిది కోదాడ, చెల్లెలిది మిర్యాలగూడ. అంతకు ముందు కొన్నేళ్ళు ఊళ్ళన్నీ గడబిడగా ఉండి, రోడ్డెక్కాలంటేనే భయమై, ఆ తోడబుట్టినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

తోడుగా నన్ను తీసుకెళ్ళారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. బండిలో గడ్డి పరిచి, పైన జంపఖానా వేసి, నాయనమ్మా నేనూ వెనక కూర్చుంటే తాతయ్య ముందు కూర్చుని తోలేవాడు. తొందరేమీ లేదు. ఎండ ముదిరితే ఏ చింతచెట్ల కిందనో బండి విప్పడం, చల్లబడ్డాక మళ్ళీ కట్టడం. పిల్లలమర్రి గుళ్ళ దగ్గర ఒక పూటంతా ఆగాం. నాయనమ్మ స్తంభాల మీది బొమ్మలకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి, ఒక్కొక్కదాన్నీ చాలాసేపు చూసింది. నాకు ఆకలవుతున్నా ఆమెను రమ్మనడానికి నోరు రాలేదు.

మునగాల దాటి కోదాడ చేరేసరికి వాళ్ళ తమ్ముడు వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఆయన భార్య, "వదినా, ఎండన పడి వచ్చారు, ముందు మజ్జిగ తాగండి," అంటూ చెంబు తెచ్చింది. నాయనమ్మ చెంబు అందుకోలేదు. తమ్ముణ్ణి చెయ్యి పట్టి ఎండలోకి లాక్కొచ్చి, గడ్డం పైకెత్తి, ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ముసలోడివైనవురా," అని నవ్వింది. అక్కడ నాలుగు రోజులున్నాం. ఆమె అంత సంతోషంగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు.

అక్కణ్ణుంచి మిర్యాలగూడ దారి పట్టాం. గరిడేపల్లి చేరకముందే ఆమెకు తలనొప్పి మొదలైంది. తలకు గుడ్డ బిగించి కట్టుకుని పడుకుంది. ఆ రాత్రికి ఆ ఊళ్ళోనే తెలిసినవాళ్ళ ఇంట్లో ఆగాం. పొద్దున నేను ముఖం కడుక్కుంటుంటే మంచం మీంచి ఆమె గొంతు వినిపించింది.

"ఇంక తెల్లారలేదా?"

వాకిలంతా ఎండ. తాతయ్య చేతిలో ఎద్దుల పగ్గాలు అలాగే ఉండిపోయాయి. ఆ నిశ్శబ్దంతోనే నాయనమ్మకు తెలిసిపోయింది. "అయితే బండి గట్టు, మా చెల్లె దగ్గరికి పోదాం," అంది మెల్లగా.

ఆ రోజు దారి పొడుగునా తాతయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. "గీడ చెరువు నిండ నీళ్ళున్నయే. కొంగలు వాలినయ్. చేన్లు పచ్చగున్నయ్." నేను తొంగి చూస్తే చెరువు నెర్రెలు విచ్చి ఉంది. చేలల్లో మోడులు తప్ప ఏమీ లేవు. నాయనమ్మ ఊ కొడుతూనే ఉంది.

మిర్యాలగూడలో బండి ఆగగానే చిన్న నాయనమ్మ, అంటే వాళ్ళ చెల్లెలు, బయటికి వచ్చింది. ఆమె చాలా అందగత్తె అని మా ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్ళు. కానీ మా ఎదుట నిలబడిన మనిషి ముఖమంతా అమ్మవారు పోసి మచ్చలు పడి ఉంది. తాతయ్య నిర్ఘాంతపోయాడు. అక్క కళ్ళ సంగతి ఆయన గుసగుసగా చెప్పగానే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, తన ముఖం సంగతి చెప్పొద్దని చేత్తో సైగ చేసింది.

"మా చెల్లె ఎట్లున్నది?" అడిగింది నాయనమ్మ.

"మునుపెట్లున్నదో గట్లనే ఉన్నది," అన్నాడు తాతయ్య.

నాయనమ్మ చేతులు చాపింది. చిన్న నాయనమ్మ వెనక్కి జరగబోయింది గానీ అప్పటికే ఆ వేళ్ళు ఆమె చెంపలను తాకాయి. తాకి, ఆగిపోయాయి.

"కండ్లు ఎట్లాగూ పోయినయ్," అంది నాయనమ్మ చివరికి. "మీరు గూడ కలిసి నన్ను ఇంకోసారి గుడ్డిదాన్ని చేస్తున్రా? పొద్దటి సంది దుమ్ము వాసనొస్తుంటే నీళ్ళున్నయంటడు. పాపం, ఆయనకు చాతగాక అంటున్నడని ఊకున్న." తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది. "బిడ్డా, నువ్వు సెప్పు. నాకు ఎవ్వరు సెప్పకపోతే నేనెట్ల సూడాలె?"

నేను తాతయ్య వైపు చూశాను. ఆయన తలవంచుకుని ఉన్నాడు. చేసేది లేక చెప్పడం మొదలుపెట్టాను. ముఖం నిండా మచ్చలున్నాయని, జుట్టు సగం నెరిసిందని, ముందు పన్ను ఊడిందని. ఒక్కొక్క మాటకూ చిన్న నాయనమ్మ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏడుస్తున్నదా?"

"ఆఁ, ఏడుస్తున్నది. ఏడిస్తే నీ లెక్కనే ఉన్నది."

నాయనమ్మ ఆ తలను గుండెలకు హత్తుకుంది. "ఇగ కనవడ్డది నా చెల్లె," అంది.

తిరుగు ప్రయాణంలో ఆ చెరువు దగ్గరికి రాగానే తాతయ్య ఎద్దులను నెమ్మదిగా నడిపించాడు. తర్వాత, వెనక్కి తిరగకుండానే, "చెరువు ఎండిపోయిందే," అన్నాడు. "ఊఁ, ఇంక?" అంది నాయనమ్మ. "ఒక్క చేను గూడ పచ్చగ లేదు." ఆమె ముందుకు వంగి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. సూర్యాపేట దాకా ఆయన ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. ఆమె చూపు మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ పొద్దున్నే మంచం పక్కన కూర్చుని, ఆకాశం ఎలా ఉందో చెప్పాకే ఆయన పనిలోకి వెళ్ళేవాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికైనా కష్టమైన కబురు చెప్పవలసి వస్తే పిల్లలు నా వైపు చూస్తారు. నాకేం ధైర్యం ఎక్కువై కాదు. మనిషి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఉన్నమాట చెబుతాను. చెప్పాక నేను బాగుచేయగలిగేది ఏమీ ఉండదు. అయినా ఆ చెయ్యి వాళ్ళంతట వాళ్ళు వదిలేదాకా అక్కణ్ణుంచి లేవను.