దస్తగిరి బండి చప్పుడు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది నన్ను మార్కాపురానికి మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు గానీ బ్రేకులే కాదు, లైట్లూ పొగా చప్పుడూ అన్నీ మేమే చూడాలి. రిటైరయ్యే ముందు నాకదే చివరి పోస్టింగు. ఆ వేసవిలో, చెవులు చిల్లులు పడేలా మోగే బైకుల మీద ప్రత్యేక తనిఖీ చేయమని పైనుంచి ఆదేశం వచ్చింది.

కొన్ని బళ్ళకు అంత చప్పుడెందుకని చాలామంది అడుగుతుంటారు. ఇంజన్లో పెట్రోలు మండినప్పుడల్లా చిన్న పేలుడు జరుగుతుంది. ఆ చప్పుడు సైలెన్సర్ లోపలి అరల్లో, చిల్లుల గొట్టాల్లో తిరిగి తిరిగి అణిగి బయటికొస్తుంది. ఆ లోపలి సరంజామా కోసి పారేస్తే ఇక అణిచేదేమీ ఉండదు. కొందరిది తుప్పుపట్టి చిల్లుపడుతుంది, వాళ్ళను మందలించి వదిలేస్తాం. ఎక్కువమంది మాత్రం వీధంతా తమనే చూడాలని కోరి కోయించుకుంటారు. వాళ్ళ మీద నాకు రవ్వంత జాలి కూడా ఉండేది కాదు.

ఒకరోజు దోర్నాల రోడ్డులో బళ్ళు ఆపుతున్నాం. దూరం నుంచే ఒకటి దద్దరిల్లుతూ వచ్చింది. ఏ కుర్రాడో అనుకున్నాను. తీరా చూస్తే తెల్లగడ్డం ఆయన, వెనక ఆయన భార్య. పేర్లు దస్తగిరి, కాశింబీ. పెళ్ళయినప్పటి నుంచీ ఇద్దరూ పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ల దగ్గరే పని. మా హోంగార్డు, "ఈ వయసులో ఈ షోకేంది మామా?" అని నవ్వాడు. ఆయన పలకలేదు.

బండికి స్టాండేయించి, సైలెన్సర్ మూతికి కాస్త పక్కగా చప్పుడు కొలిచే మీటరు పెట్టి, యాక్సిలరేటర్ ఇమ్మన్నాను. హోంగార్డు చెవులు మూసుకున్నాడు. నేనూ వెనక్కి జరిగాను. అంకె పరిమితి దాటిపోయింది. కాశింబీ మాత్రం సైలెన్సర్ పక్కనే నిలబడి కొంగుతో చెమట తుడుచుకుంటోంది.

ఎందుకు కోయించారని గట్టిగా అడిగాను. ఆయన అంతకంటే గట్టిగా చెప్పాడు. "కొన్నేండ్ల నుంచి బండి సప్పుడు తగ్గిపోతాంది సార్. ఇంజన్ సచ్చిపోతాందేమోనని మెకానిక్ కాడికి పోయినా. ఏందో తీసినాడు, బాగయింది. మళ్ళ తగ్గింది, మళ్ళ పోయినా. ఇప్పుడూ సన్నగానే ఉంది గదా." ఈయనకూ చప్పుడు సరదా అనుకుని, వెళ్ళినప్పుడల్లా మెకానిక్ ఒక్కో అర కోసేశాడన్నమాట.

నాకు అనుమానం వచ్చింది. ఇంజన్ ఆపించి, వాళ్ళ వెనక్కి వెళ్ళి మామూలు గొంతుతో ఆయన్ను పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. కాశింబీని పిలిచాను. ఆమె కూడా తిరగలేదు. మిషన్ల హోరులో అరిచి మాట్లాడుకోవడం వాళ్ళకు అలవాటు, ఇంటి దగ్గరా అదే అలవాటు. వీధిలో ఉన్నవాళ్ళంతా ఆ పనివాళ్ళే. అందుకే ఎవరి చెవులు ఎప్పుడు పోయాయో ఎవరికీ తెలియలేదు.

తగ్గింది ఏమిటో ఆయనకు నేనే చెప్పాల్సి వచ్చింది. నడిరోడ్డు మీద అలాంటి మాటను అరిచి చెప్పడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆయన, "వీధిలో పసిబిడ్డలుండారు. ఇన్నాళ్ళూ ఒక్కరన్నా చెప్పలేదే," అన్నాడు. కాశింబీ, "చెప్పినారేమోలే, మనకినపడలేదేమో," అంది.

నిబంధన ప్రకారం కంపెనీ సైలెన్సర్ బిగించి మళ్ళీ చూపించాలి. మర్నాడే బిగించుకుని ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. మీటరు పెట్టాను, అంకె పరిమితిలోపే ఉంది. ఇంజన్ చక్కగా తిరుగుతోంది. దస్తగిరి ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, "స్టార్టయిందా?" అని భార్యను అడిగాడు. ఆమె సైలెన్సర్ దాకా వంగి, "ఏమో, నాకూ తెలీటంలే," అంది. ఇద్దరూ నా ముఖంలోకి చూశారు. అయిందని తలూపాను. నా కళ్ళు చెమర్చాయి. ముఖం తిప్పుకుందామంటే వాళ్ళు నా ముఖాన్నే చూస్తున్నారు.

చెవుల డాక్టరు దగ్గరికి పంపాను. పోయిన వినికిడి తిరిగి రాదన్నాడట.

ఆ తర్వాత, మోత మోగే బండిని ఆపితే మీటరు తీసేముందు ఇంజన్ ఆపించి, నడిపేవాళ్ళ వెనక నిలబడి మెల్లగా పిలవడం నా పద్ధతిగా పెట్టుకున్నాను. కుర్రాళ్ళు వెంటనే తిరిగేవాళ్ళు, వాళ్ళ మీద కేసు రాసేవాణ్ణి. తిరగనివాళ్ళు, మార్కాపురంలో, నేననుకున్నదానికంటే ఎక్కువమందే తగిలారు.