ఫ్లెక్సీ మీద గెలాక్సీ

స్వరూపరాణి గెలాక్సీలను చదువుతుంది. మన్సూరాబాద్‌లో కిరాయి గదిలో ఉంటూ, పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి, మధ్యాహ్నం యూనివర్సిటీకి పోయి పీహెచ్‌డీ పని చేసుకుంటుంది. పీహెచ్‌డీ చేసే మనిషికి ఈ పాఠాలు చెప్పుకునే ఖర్మేమిటని అడిగేవాళ్లు, మన దగ్గర ఫెలోషిప్‌లు ఎప్పుడొస్తాయో కనుక్కుని ఆ తర్వాత అడిగితే బాగుంటుంది.

ఆమె పని అర్థం కానంత కష్టమేమీ కాదు. విశ్వం సాగుతోంది కాబట్టి, చాలా దూరపు గెలాక్సీ నుంచి బయల్దేరిన వెలుగు దారిలో తానూ సాగి సాగి, ఎరుపును కూడా దాటి, కంటికి కనబడని పరారుణ కాంతిగా మనల్ని చేరుతుంది. ఎంత దూరమైతే అంత పాతకాలపు వెలుగు. అంతరిక్షంలో ఉన్న టెలిస్కోప్ దాన్ని పట్టి ఇస్తుంది. అలాంటి ఫొటోల్లో స్వరూపరాణికి ఒక ఎర్రటి చుక్క దొరికింది. అంత ఎర్రగా ఉందంటే విశ్వం పుట్టిన కొత్తల్లోనిదై ఉండాలని అంచనా వేసింది. అంచనా అనే చెప్పింది కూడా, యూనివర్సిటీ సెమినార్‌లో.

ఆ మాట కోచింగ్ సెంటర్ డైరెక్టర్ పట్టాభి చెవిన పడింది. వారం తిరక్కముందే మెట్రో స్టేషన్ మెట్లకు ఎదురుగా, సెంటర్ కిందే ఫ్లెక్సీ లేచింది. పైన ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు, మధ్యలో స్వరూపరాణి, ఆమె తల వెనకాల అమ్మవారి పటంలోలాగా సుడులు తిరిగే ఒక గెలాక్సీ. అది ఆమె చూసిన చుక్క కూడా కాదు, ఎక్కడిదో బొమ్మ. కింద పెద్ద అక్షరాల్లో: ‘ప్రపంచంలోనే అతి దూరపు గెలాక్సీని కనుగొన్నది మా ఫ్యాకల్టీయే’. గెలాక్సీకీ ఫస్ట్ ర్యాంకు ఇచ్చేశారు. తియ్యమని ఆమె అడిగితే, అడ్మిషన్లు అయిపోనివ్వమన్నాడు.

ఇంతలో ఆ చుక్క స్పెక్ట్రమ్ వచ్చింది. వెలుగును విడదీసి, ఏ మూలకం గీత ఎక్కడ పడిందో చూపించేదే స్పెక్ట్రమ్. ఫొటోతో దూరం అంచనా వేస్తారు, గీతలతో తేలుస్తారు. హైడ్రోజన్ గీతలు, ఆక్సిజన్ గీతలు ఆమె అనుకున్నచోట పడలేదు. ఆ గెలాక్సీ నిండా ధూళి ఉంది. ధూళి నీలి వెలుగును ఆపేస్తుంది, ఆ ఎరుపులో చాలామటుకు దానివల్లే. అనుకున్నదానికంటే అది బాగా దగ్గరిది.

పరిశోధనలో ఇది మామూలే. అంచనా తప్పుతుంది, దిద్దుకుంటారు, ముందుకు పోతారు. కానీ ఆ ఫ్లెక్సీ ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి, టెలిస్కోప్ సమయం కోసం ఆమెతో కలిసి దరఖాస్తు పెడుతున్న బృందం దాకా పోయింది. ఆమె గైడ్ ఉదయలక్ష్మిది కాకినాడ. నాన్చడం తెలియని మనిషి, ఫోన్ చేసింది.

“నువ్వు వేయించలేదని నాకు తెలుసు స్వరూపా. వాళ్లకి తెలీదుగా. అది తప్పని నువ్వు నలుగురిలో చెప్పేదాకా దరఖాస్తులో నీ పేరు వద్దంటున్నారు.”

ఆ పేరు లేకపోతే కొత్త పరిశీలనలు లేవు. అవి లేకపోతే థీసిస్ అక్కడితో ఆగినట్టే.

స్వరూపరాణి మళ్లీ పట్టాభి గదికి వెళ్లింది. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, అంతా విన్నాడు. ఇప్పుడు ఎంత దూరమని తేలిందో చెప్పమన్నాడు. ఆ వెలుగు బయల్దేరి పదమూడు వందల యాభై కోట్ల ఏళ్లయిందనుకుంటే, పన్నెండు వందల కోట్లు దాటిందని తేలిందని చెప్పింది.

“మరింకేంటమ్మా? అది దగ్గరెలా అవుద్ది? దిల్‌సుఖ్‌నగర్‌లో నిలబడి చూస్తే రెండూ దూరమే.”

మొదటి గెలాక్సీలు ఎలా పుట్టాయో తెలియాలంటే ఆ తేడానే ముఖ్యమని ఆమె చెప్పుకుంటూ పోయింది. ఆయన ఫోన్ చూసుకుంటూ తలూపాడు. ఆదివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది, స్టేజీ ఎక్కి గెలాక్సీ గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నాడు. చెప్తానంది. ఆయన సంతోషించాడు.

ఆదివారం మూడో అంతస్తు హాలు నిండింది. మైకు అందుకున్న స్వరూపరాణి ఉపోద్ఘాతాలేవీ పెట్టుకోలేదు.

“కింద ఫ్లెక్సీ మీద నా గురించి రాసింది నిజం కాదు. గా గెలాక్సీ అంత దూరంది కాదని తేలింది. తియ్యమని సార్‌కు చెప్పిన, తియ్యలే.”

ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. వెనక వరసలో లచ్చయ్య లేచాడు. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో హమాలీ, ఆయన కూతురు ఇక్కడే చదువుతుంది.

“మేడం, మరి గా పిల్లగాండ్ల ర్యాంకులు గూడ గిట్లనేనా?”

ఒకే పిల్లాడి మొహం ఆ రోడ్డు పొడవునా వేరువేరు కాలేజీల ఫ్లెక్సీల మీద నవ్వుతుంటుంది. రోజూ కిందనుంచి పోతాం, ఎవరం అడగం. లచ్చయ్య అడిగాడు. పట్టాభి మైకు లాక్కుని, మేడంకి ఒంట్లో బాగాలేదని చెప్పి, మీటింగ్ అయిపోయిందన్నాడు. మెట్ల దగ్గర ఆమెతో, రేపటి నుంచి రావద్దన్నాడు.

కిందికి దిగి, పేరెంట్స్ గ్రూపులో అప్పటికే తిరుగుతున్న ఆ వీడియోను గైడ్‌కు పంపింది. దరఖాస్తులో పేరు ఉంటుందని జవాబొచ్చింది. ఊపిరి పీల్చుకునేలోపే లచ్చయ్య ఎదురొచ్చాడు.

“నిజం చెప్పినవ్ బిడ్డా, మంచిదే. మా పోరి నీ పాఠం కోసమే గింత దూరం ఒస్తది. రేపటి సంది ఎవరు చెప్తరు?”

పేరు గురించి ఆలోచించింది, కిరాయి గురించి ఆలోచించింది. పిల్లల పాఠాల సంగతి ఆమెకు తట్టనే లేదు. తట్టనందుకు కోపమొచ్చింది, అది లచ్చయ్య మీదికి పోయింది.

“నన్నెందుకు అడుగుతున్నవ్ అన్నా? పైన ఉన్నడు గదా, ఆయన్నడుగు.”

“నేనొక్కన్ని అడిగితే ఇంటడా?”

మీటింగ్ నుంచి జనం ఇంకా దిగుతూనే ఉన్నారు. స్వరూపరాణి ఫోన్ బ్యాగులో వేసుకుంది.

“ఒక్కనివెందుకు? పా, నేనూ ఒస్త.”

దిగేవాళ్లను ఆపుకుంటూ, పిలుచుకుంటూ ఇద్దరూ మళ్లీ మెట్లెక్కారు. పైన పట్టాభి హాలుకు తాళం వేయిస్తున్నాడు. స్వరూపరాణి పోయి, వీళ్లకు జవాబు చెప్పాకే తాళమని తలుపుకు అడ్డంగా నిలబడింది.