ఎన్ని దేవుళ్లోనివి?

చెన్నూరు సాలోళ్ల వాడల కైలాసమంటే తెల్వనోళ్లు లేరు. అరవై ఒక్కేండ్ల బక్క మనిషి. పాత మోపెడ్, ముందటొక మూట, వెనుకొక మూట. పొద్దుగాల ఆరింటికి ఆ బండి చప్పుడు ఇనవడ్డదంటే కైలాసం అడవి ఊళ్లకు చీరెలమ్మ పోతుండన్నట్టే. ముప్పై నాలుగేండ్ల సంది గదే తొవ్వ. అసొంటోడు ఆ వారం బండిని ముట్టలే. బువ్వ ముంగట పెడితే కెలికి లేస్తుండు. వాకిట్ల ఎవరన్న చెప్పులిడిసిన చప్పుడైతే ఉలిక్కిపడుతుండు. పెనిమిటికి ఏదో పెద్ద రోగమే వచ్చిందని సత్తమ్మ పరేషానైంది. ఆయనకు పట్టుకున్నది ఒక పుస్తకం ఫికరని ఆమెకు రెండు దినాల దాక చెప్పనే లేదు.

గా ముచ్చట తెల్వాలంటే జర ఎనుకకు పోవాలె. కైలాసం బాపు గుంట మగ్గం మీద నేసి నేసి నడుం వంగి పోయిండు. కొడుకు ఆ గుంటల దిగనని భీవండి పోయిండు. ఆరేండ్లు పవర్‌లూముల నడుమ నిలవడ్డడు. చెవులు సగం పోయినయి, దగ్గు మిగిలింది. వాపసొచ్చి, సైకిల్ మీద చీరెల మూట కట్టుకొని అడవి బాట పట్టిండు. ఊళ్లె అందరు నవ్విండ్రు, గోండోళ్ల భాష రాదు, వాళ్ల రివాజు తెల్వదు, నీ చీరెలెవరు కొంటరని. ఆయన గూడ గట్లనే అనుకున్నడు గని, ఇంట్ల పొయ్యి వెలగాలె కద.

మొదటిసారి రాయిగూడ చేరేటాల్లకు నడి ఎండకాలం, మిట్ట మధ్యాహ్నం. నాలుక పిడచ కట్టుకపోయింది. ఒక ఇంటి ముంగట నిలవడి నీళ్లడిగిండు. గోండోళ్ల రివాజేందంటే, కొత్త మనిషొస్తే పేరు తర్వాత, ముందు అడిగేది "ఎన్ని దేవుళ్లోనివి?" అని. వాళ్లల్ల నాలుగు దేవుళ్లోళ్లు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్లోళ్లని తెగలున్నయి. లెక్క ఒకటైతే అన్నదమ్ములు. లెక్క వేరైతే పిల్లనిచ్చి పుచ్చుకునే వియ్యపోళ్లు. అన్నదమ్మునికి లోపట పొయ్యి పక్కన చాప ఏస్తరు, వియ్యపోనికి అరుగు మీద మంచం ఏస్తరు. మర్యాద ఇద్దరికీ ఉంటది గని, జాగ వేరు.

కైలాసానికి ఇదంత ఏం తెలుసు? వాళ్లు వచ్చీరాని తెలుగుల అడిగితే బిత్తరపోయి, మీరెన్ని అని ఎదురడిగిండు. నాలుగు అన్నరు. నాది గూడ నాలుగే అన్నడు. అంతే, ఆ ఇంటి కోడలు మారుబాయి లోటెడు నీళ్లు దెచ్చి, లోపటికి రా తమ్మి అని పొయ్యి పక్కన చాపేసింది. సల్లటి అంబలి పోసింది. ఇదేదో మంచిగనే ఉన్నదనుకున్నడు మనోడు. వారం తర్వాత తేనెగూడకు పోయిండు, వాళ్లది ఏడు దేవుళ్ల తెగ. ఆడ గూడ అదే ప్రశ్న. ఆడ గూడ ముందు వాళ్ల లెక్క అడిగి, నాది గూడ ఏడే అన్నడు. ఆ ఊరి లచ్చు పటేల్ తమ్ముడని అక్కున చేర్చుకున్నడు. దాహమైనోడు అబద్ధమాడిండు, సరే. నీళ్లు తాగినంక గూడ ముప్పై నాలుగేండ్లు దాన్ని మోస్తడా ఎవడన్న? ఈయన మోసిండు.

మోయబట్టె భాషొచ్చింది, బేరమొచ్చింది, రెండిండ్లొచ్చినయి. ఒకయేడు చలిజరమొచ్చి రాయిగూడల పడిపోతే, మారుబాయి తొమ్మిది దినాలు ఆ పొయ్యి పక్కన చాప మీదనే పండవెట్టుకొని గంజి తాపింది. సొంత అక్క గూడ గంత చెయ్యదని సత్తమ్మే అన్నది. పుష్యమాసం దేవుని కొలుపప్పుడు తెగోళ్లే తినాల్సిన నైవేద్యం ఆయన గూడ తిన్నడు. వియ్యపోళ్లు దానికి కట్టెలు దెస్తరు, నీళ్లు దెస్తరు గని ముట్టరు. ఈయన రెండూళ్లల్ల తిన్నడు. తిన్న ప్రతిసారి తప్పు చేస్తున్ననని తెలిసేది. మింగి ఊకునేది.

ఇగ పుస్తకం కాడికి వస్త. పెద్దపల్లిల జగన్మోహన్‌రావు సారని కాలేజీల పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషున్నడు. భూములున్న ఇల్లు, చదువున్న బుర్ర. ఆయనకొక పట్టు ఏందంటే, గోండి భాష మన తెలుగు బిడ్డేనని. రెండేండ్ల కింద కైలాసాన్ని ఎతుక్కుంట వచ్చిండు. మనం మూడంటే వాళ్లు మూండ్ అంటరు, నాలుగంటే నాలుంగ్ అంటరు, వాళ్లకు నీళ్లంటే ఏర్, మనకు ఏరు, ఇంక సాక్ష్యమేం గావాలె అని మురిసిపోయిండు. కైలాసాన్ని కుర్చీల కూసోబెట్టి చాయ్ తాపి మాటలన్నీ రాసుకున్నడు. గంత పెద్ద సారు తనను కుర్చీల కూసోబెట్టి అడిగేటాల్లకు ఈయనకు ఛాతీ ఉబ్బింది. ఉబ్బినోని నోరు ఊకుంటదా? తేనెగూడోళ్లు నన్ను ఏడు దేవుళ్లల్ల కలుపుకున్నరు సార్, వాళ్ల నైవేద్యం గూడ తింట అని చెప్పేసిండు. రాయిగూడ ముచ్చట మాత్రం చెప్పలే.

సారు దాన్ని పుస్తకంల ఎక్కిచ్చిండు. ఒక అధ్యాయమే రాసిండు, కైలాసం ఫోటోతోని. చెన్నూరు సాలెవాళ్లలో ఏడు దేవుళ్ల లెక్క నేటికీ ఉన్నది, కాబట్టి మనమూ వాళ్లూ ఒకే వంశం, మనది పెద్ద కొమ్మ, వాళ్లది చిన్న కొమ్మ అని. అందుల పెద్ద కొమ్మ, చిన్న కొమ్మ అన్న ముక్కొకటే ఫోన్లల్ల తిరిగింది. తిరిగేటాల్లకు అడవి ఊళ్లు మండినయి. లచ్చు పటేల్ కొడుకు తులసీరాం బడిల సారు, నెమ్మదస్తుడు. ఆయన గూడ గరమైండు. బిడ్డ మీ భాషనా మా భాషనా, మీ తాతలు ఈ ఏరు గట్టుకు రాకముందే మేం దాన్ని ఏరన్నం, బిడ్డంటే ముందు తల్లి వయసు చూపెట్టాలె అని రాసిండు. మాటకు మాట పెరిగి, ఆదివారం మండలం హాల్ల పుస్తకావిష్కరణ, ఆడనే చర్చ అని ఖాయమైంది.

బుధవారం నాడు తులసీరాం కైలాసానికి ఫోన్ చేసిండు. కాకా, నువ్వు తప్పకుంట రావాలె, మా నాయినను తీసుకొస్తున్న, రాయిగూడ పెద్దలను గూడ పిలిచిన, మారుబాయి పెద్దమ్మ వస్తనన్నది అని మర్యాదగనే చెప్పిండు. కైలాసం అప్పుడే కట్టిన చీరెల మూట మళ్ల ఇప్పేసిండు. సారు ఏడని చదివితే మారుబాయి ఇంటది. నాలుగని ఒప్పుకుంటే లచ్చు పటేల్ ఇంటడు. అడకత్తెరల పోకచెక్కయింది ఆయన బతుకు.

శుక్రవారం సత్తమ్మ ముంగట కూలబడి కడుపుల ఉన్నదంత కక్కిండు. ఆమె నోటి మీద చెయ్యేసుకున్నది. మనుషులతోని ఆడుకున్నవంటే సరే, దేవుళ్ల లెక్కతోని ఆడుకున్నవా అని మొత్తుకున్నది. ఆ అధ్యాయం తీసెయ్యమని సారుకు ఫోన్ చెయ్యమన్నది. చేసిండు. సారు నవ్వి, అచ్చయిపోయింది కైలాసం, నువ్వు చరిత్రలకెక్కినవు, భయమెందుకు అన్నడు. జరమొచ్చిందని పండుకుంటే ఎట్లుంటదని గూడ ఆలోచన చేసిండు. నువ్వు పండుకుంటే అక్కడ నీ ఫోటో మాట్లాడుతది అన్నది సత్తమ్మ. అదీ నిజమే.

ఆదివారం హాలు కిక్కిరిసింది. ఒక పక్క పెద్దపల్లి, కరీంనగర్ నుంచి వచ్చిన సార్లు, ఒక పక్క తెల్ల తలపాగలు. ముందు వరుసల మారుబాయి, కిందటేడు కైలాసమే తెచ్చిన ఆకుపచ్చ చీరె కట్టుకొని కూసున్నది. తమ్మున్ని స్టేజీ మీద చూసి మురిసిపోతుంది. ఆ ముఖం చూడలేక కైలాసం కిందికి చూస్తుండు. సారు భాషల ముచ్చట చెప్పిండు, తులసీరాం జవాబిచ్చిండు. తల్లీబిడ్డలన్నడొకడు, అక్కచెల్లెండ్లన్నడొకడు. అరుపులైనయి. ఆఖరుకు సారు, సాక్ష్యం ఇక్కడే ఉన్నది అని పుస్తకం తెరిచి ఆ అధ్యాయం చదివిండు. తులసీరాం గోండిల తర్జుమా చేసుకుంట పోయిండు. ఏడు దేవుళ్లు అన్న కాడ మారుబాయి పక్కామెను ఏదో అడిగింది. మళ్లొకసారి అడిగింది. తర్వాత లేచి నిలవడ్డది.

"తమ్మి, నువ్వు నాలుగు కాదా?" అని గోండిల అడిగింది.

లచ్చు పటేల్ తలపాగ సర్దుకొని కైలాసం దిక్కు చూసిండు. సారు చూసిండు. తులసీరాం చూసిండు. కైలాసం లేచి మైకు పట్టుకున్నడు.

"నాకు లెక్కనే తెల్వదు అక్కా. నీళ్ల కోసం మీరేదంటే అదే అన్న. మీ కాడ నాలుగన్న, వాళ్ల కాడ ఏడన్న."

తెలుగుల ఒకసారి, గోండిల ఒకసారి చెప్పిండు. ఇంక సారు ముఖం చూడాలె, నెత్తురు చుక్క లేదు. తులసీరాం పక్కనోళ్లు చప్పట్లు కొట్టిండ్రు, గెలిచినమని. తులసీరాం మాత్రం కొట్టలే. లచ్చు పటేల్ తల దించుకున్నడు. మారుబాయి కొంగు సర్దుకొని, ఎవరితోని ఒక్క మాట గూడ మాట్లాడకుంట హాల్ల నుంచి బయటికి పోయింది. కైలాసం ఎనుక ఉరికిండు గని జనంల దొరకలే. ఎవరు గెలిచిండ్రో ఎవరు ఓడిండ్రో ఆయనకు అక్కరలే. ఆ చాప పోయిందన్న గుబులే గుండె నిండ ఉన్నది.

రెండు దినాల కంటె ఎక్కువ ఆగలేకపోయిండు. మంగళవారం పొద్దుగాల బండి తీసిండు. మూటలు కట్టలే, ఒట్టి చేతులతోనే పోయిండు. ఘాట్ ఎక్కుతుంటె రెండుసార్లు బండి తిప్పుకుందామనిపించింది. తిట్టనీ, కొట్టనీ, మొత్తుకోనీ, గని ఊకోవద్దు అని మొక్కుకుంట పోయిండు. రాయిగూడ చేరి, ఆ ఇంటి ముంగట, మొదటిసారి నిలవడ్డ కాడనే నిలవడ్డడు. లోపటికి అడుగెయ్యడానికి ధైర్యం సాలలే.

మారుబాయి బయటికొచ్చింది. లోటెడు నీళ్లు చేతిల ఉన్నయి. ఇయ్యలే. ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూసి అడిగింది.

"ఎన్ని దేవుళ్లోనివి?"

తెల్వదన్నడు. తెల్వకపోవుడేంది, మీ అవ్వ ఏ దేవుళ్లకు మొక్కేదో గది గూడ తెల్వదా, లెక్కపెట్టు అన్నది. కైలాసం వేలు ముడిచిండు. అవ్వ దేవునర్ర కండ్ల ముందటికొచ్చింది. పసుపు పూసిన గూళ్లు, నూనె మరకలు. పోశవ్వ అన్నడు. ఎల్లమ్మ అన్నడు. ఎములాడ రాజన్న. మా కులపోళ్ల మార్కండేయుడు. నాలుగు వేళ్లు ముడుచుకున్నయి, బొటనేలు ఒక్కటే మిగిలింది.

ఆడ ఆగిపోయిండు. నాలుగు. ఒక్క మాట అనకుంట ఊకుంటే చాలు. మళ్ల తమ్ముడే, మళ్ల అదే చాప, అదే గంజి. మారుబాయి గూడ ఆ వేళ్లనే చూస్తుంది. ఆమె గూడ అదే కోరుకుంటుందేమోనని ఆయనకు అనిపించింది. గని ఆ అర్రల ఐదో గూడు గూడ ఉండె. పిల్లలకు దడుపు జరమొస్తే అవ్వ నిమ్మకాయ కోసేది ఆ గూడు కాడనే. ఇన్నేండ్లు నోటికొచ్చిన లెక్క చెప్పిండు, ఇప్పుడు అవ్వ దేవున్నే దాచిపెట్టాల్నా?

"మైసమ్మ," అన్నడు. బొటనేలు గూడ ముడిచిండు. "ఐదు, అక్కా."

మారుబాయి ఆ ముడిచిన పిడికిలిని ఒకసారి చూసింది. తర్వాత లోటా చేతికిచ్చింది. ఆయన నీళ్లు తాగుతుంటె లోపటికి పోయి మంచం ఈడ్చుకొచ్చి అరుగు మీద ఏసింది. దాని మీద కొత్త గొంగడి పరిచింది. కూసో వియ్యంకుడా, దేవునికి తప్పు కట్టుకునేది ఎట్లనో మా పెద్దలు చెప్తరు, ముందు చాయ్ తాగు అన్నది. మర్యాదకు ఏం తక్కువ చెయ్యలే. ఇంటోళ్లందరు వచ్చి రాంరాం చెప్పిండ్రు, చాయ్ కప్పు సాసర్ల పెట్టి తెచ్చిండ్రు. ముప్పై నాలుగేండ్లల్ల ఆ ఇంట్ల ఆయనకు సాసరు ఎన్నడు ఇయ్యలే.

కైలాసం మంచం మీద కూసున్నడు. తలుపు తెరిచే ఉన్నది. లోపట పొయ్యి, పొయ్యి పక్కన చాప కనవడుతున్నయి. ఆ చాప ఒక మూల చిరిగి ఉంటే పోయినేడు తనే నూలు దారంతోని కుట్టిండు. ఆ కుట్టు ఇంకా మంచిగనే ఉన్నది.