ఒక్కరోజు గారి నాలుగు రోజులు

ఏ ఉద్యోగానికి మనిషి కావాలన్నా, ఆ ఉద్యోగం ముందు తాను ఒకరోజు చేసి చూస్తేగానీ ఆయన ప్రకటన రాసేవారు కాదు. చేయకపోతే పెన్ను కదలదనేవారు. అందుకే ఆ లాండ్రీలో చిన్నా పెద్దా అందరికీ ఆయన ఒక్కరోజు గారు. కన్నవాళ్లు పెట్టిన పేరు గుర్తింపు కార్డు మీద భద్రంగా ఉండేది, ఆ కార్డు ఎక్కడుందో మాత్రం ఆయనకు గుర్తుండేది కాదు.

లాండ్రీ అంటే వీధి మలుపులో ఉండే ఇస్త్రీ కొట్టు కాదు. మూడు ఆస్పత్రుల దుప్పట్లు, పదకొండు హోటళ్ల తువ్వాళ్లు తెల్లవారగానే వ్యాన్లలో వచ్చి దిగుతాయి. గదులంతేసి మెషీన్లలో ఉతుకుపడి, ఆరి, మడతలై, సాయంత్రానికల్లా మళ్లీ వ్యాన్లెక్కుతాయి. నూట నలభై మంది పనిచేసేచోట వారానికొకరైనా మానేస్తారు. వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తేవడం ఒక్కరోజు గారి పని. ఆయన రాసిన ప్రకటనను కంపెనీ సోషల్ మీడియా పేజీలో పెట్టడం టైపిస్టు పని. పైవాళ్లు ‘పోస్టు పడిందా?’ అని అడిగేది ఆవిణ్ణే. ఆయనేమో ఏ మెషీను వెనకో, ఏ బట్టల కుప్ప కిందో ఉండేవారు. ఆవిడ తల ప్రాణం తోకకొచ్చేది.

“సార్, ‘వ్యాను డ్రైవరు కావలెను, వెంటనే సంప్రదించండి’ అంటే సరిపోతుంది కదా. రెండు ముక్కలు.”

“ఎలాంటి డ్రైవరమ్మా?”

“బండి నడిపే డ్రైవరు సార్!”

“చూసొస్తానుండు” అని ఆయన వ్యానెక్కేశారు. ఆయనకు బండి నడపడం రాదు కాబట్టి పక్కన కూర్చుని, దిగినచోటల్లా మూటలు మోసి, సాయంత్రానికి నడుం ప్రశ్నార్థకంలా వంచుకుని వచ్చారు. మర్నాడు పేజీలో ఇలా పడింది: “వ్యాను డ్రైవరు కావలెను. నడపడం తేలిక. నాలుగో హోటలు వెనక గేటులో బండిని వెనక్కి తీయడం కష్టం. అక్కడి కాపలా మనిషి సాయం చేయడు, నవ్వుతాడు. నవ్వితే కోపం రానివారే రావలెను.” అలా వచ్చిన డ్రైవరు ఆరేళ్లయినా కదల్లేదు. పైగా ఆ కాపలా మనిషితో వియ్యమందాడు.

దుప్పట్లను రోలర్ల మధ్యకు పంపే పనికి మనిషి కావలసివచ్చినప్పుడు ఒక్కరోజు గారు దుప్పటితోపాటు తన టైని కూడా పంపారు. టై మెడకి ఉండగానే సగందాకా ఇస్త్రీ అయింది. పక్కనున్నవాడు మెషీను ఆపాడు గనక సరిపోయింది. “టై కట్టుకునేవారు అనర్హులు” అని ఆ ప్రకటనలో రాసి, కింద రెండు గీతలు కొట్టించారు.

ఇక టెలిఫోను దగ్గర కూర్చున్న రోజు మరీ ఘోరం. ఫిర్యాదు చేసిన ప్రతివాడితోనూ “మీరన్నది నిజమేనండీ” అన్నారు. తిట్టబోయినవాళ్లు ఫోను పెట్టేశారు, విన్న యజమాని తల పట్టుకున్నాడు. ప్రకటనలో: “రోజుకు ముప్పై మంది తిడతారు. వారిలో పన్నెండుగురు న్యాయంగానే తిడతారు. తేడా తెలిసినవారు కావలెను.”

క్రమంగా ఉద్యోగం అక్కర్లేనివాళ్లు కూడా ఆ పేజీని అనుసరించడం మొదలుపెట్టారు. టైపిస్టు భర్త పొద్దున్నే పళ్లు తోముకుంటూ “ఈ వారం మీ సారు దేన్లో ఇరుక్కున్నారు?” అని అడిగేవాడు.

ఇలా ఉండగా యజమాని పెద్దాయన విశ్రాంతి తీసుకుని, కార్ఖానాను కూతురికి అప్పగించాడు. ఆవిణ్ణి అందరూ చిన్న మేడమ్ అనేవారు. చెడ్డ మనిషేం కాదు. కాకపోతే నిలబడి మాట్లాడటానికి కూడా తీరికలేనంత వేగం. ఒకరోజు ఒక్కరోజు గారినీ టైపిస్టునూ పిలిచి, నడుస్తూనే చెప్పింది.

“మరమ్మతు బల్ల దగ్గర పని మరీ నెమ్మదిగా ఉంది. దుప్పటికి పావుగంట! కుట్టుమెషీను తెప్పిస్తున్నాను. చురుకైన మనిషిని పెడదాం. సూదమ్మగారికి నిన్ననే చెప్పాను, నెలాఖరుకి మర్యాదగా సాగనంపుదాం. శుక్రవారానికి పోస్టు పడాలి.”

సూదమ్మ అంటే కిటికీ పక్క బల్ల దగ్గర ఇరవై ఏడేళ్లుగా చిరుగులు కుడుతున్న ఆవిడ. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, కళ్లకి దిగదు. టైపిస్టు కొత్తగా చేరిన రోజున కోటు గుండీ ఊడిపోతే, అడక్కుండానే పిలిచి కుట్టి, “ఇక వెళ్లి భయపడు” అని పంపింది ఈవిడే. సారు ఏదైనా అడ్డు చెబుతారేమోనని టైపిస్టు ఆయన వైపు చూసింది.

“మేడమ్, మరి సోమవారం నేను ఆ బల్ల దగ్గర కూర్చోవచ్చా?” అన్నారాయన.

“మీకలవాటేగా, కూర్చోండి” అంటూ మేడమ్ మెట్లెక్కేసింది.

మేడమ్ కనుమరుగు కాగానే టైపిస్టు పట్టలేకపోయింది. “ఏం సార్ ఇది? ఆవిడ కుర్చీలో కూర్చుని, ఆవిడ దగ్గరే పని తెలుసుకుని, ఆవిడ చోటికే మనిషిని తెస్తారా?”

“ఆవిడ కుర్చీలో ఎందుకు కూర్చుంటానమ్మా? పక్కన స్టూలు వేసుకుంటాను.”

“నేనంటున్నది కుర్చీ గురించి కాదు సార్!”

“స్టూలు ఎత్తు చాలదంటావా?” అని ఆయన ఆలోచనలో పడ్డారు. టైపిస్టు వారం రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడాలని ఆ క్షణమే తీర్మానించుకుంది.

సోమవారం సూదమ్మ ఆయన్ను చూసి జరిగి కూర్చుంది. “ఎందుకొచ్చారో తెలుసు సారూ. వచ్చేవాళ్లకైనా పని సరిగ్గా చెప్పాలి కదా. ముందు సూదిలో దారం ఎక్కించండి.”

దారం ఎక్కేసరికి మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. “దారం వెళ్లాల్సింది సూదిలోకి సారూ, సూది దారంలోకి కాదు” అంది సూదమ్మ. సాయంత్రం ఆయన లేచి గుమ్మందాకా వెళ్లాక, వెనకాల ఒక ఆస్పత్రి దుప్పటి కూడా వచ్చింది. చొక్కా చేతిని దానికి కలిపి కుట్టేసుకున్నారు.

“మీరు కుడుతున్నారా, దాన్ని శిక్షిస్తున్నారా?” అంటూ సూదమ్మ విప్పింది. “కానీ ఒకటి చెప్పాలి. ఈ కుట్టు మాత్రం గట్టిగా పడింది.”

“ప్రకటన రాశారా సార్?” అంది టైపిస్టు పొడిగా.

“రేపు కూడా కూర్చుంటానమ్మా.”

ఆ మాట కార్ఖానా అంతా గుప్పుమంది. ఒక్కరోజు గారు రెండో రోజు! బాయిలరు మనిషి పని ఇంకొకరికి అప్పజెప్పి వచ్చి, నిజమేనని కళ్లారా చూసి వెళ్లాడు. మూడో రోజూ ఆయన అక్కడే ఉన్నారు. ఈసారి చేతిలో సూది లేదు, నోటుపుస్తకం ఉంది. సూది లాక్కుని సూదమ్మే పుస్తకం ఇచ్చిందని కొందరన్నారు.

కాగితం మీద సంతకం కోసం వెళ్లిన టైపిస్టు కాసేపు అక్కడే నిలబడింది. సూదమ్మ చేతిలో ఆస్పత్రి నుంచి వచ్చిన, మూరెడైనా లేని చిన్న చొక్కా ఉంది.

“ముడి పైకి వేశారేం? లోపల వేస్తే కనబడదు కదా” అంటున్నారు ఒక్కరోజు గారు.

“కనబడదు సారూ. కానీ ఇది తొడుక్కునేవాడి వయసు రెండు రోజులు. లోపల ముడి గుచ్చుకుంటే ఎవరికి చెప్పుకుంటాడు?”

ఆయన రాసుకున్నారు. తర్వాత బల్ల సొరుగు చూపించి ఇదేమిటన్నారు. దుప్పట్లలో, దిండు గలీబుల్లో దొరికిన వస్తువులట. ఎవరివో వెతికి పంపేదాకా అందులో ఉంటాయి.

“పోయినేడు ఒక పళ్లసెట్టు దొరికింది. హోటలుకు ఫోను చేసి గది గదికీ కలపమన్నాను. ఎనిమిదో గది ఆయన ‘హలో’ అనగానే తెలిసిపోయింది ఇవి ఈయనవేనని. ఆ ‘హలో’లో ఒక్క అక్షరం కూడా నిలబడలేదు సారూ!”

టైపిస్టు నవ్వు ఆపుకోబోయి, తాను ముక్తసరిగా తప్ప మాట్లాడనని తీర్మానించుకున్న మనిషి ముందే పకపకా నవ్వేసింది.

గురువారం కూడా ఆయన బల్ల దగ్గరే గడిపారు. శుక్రవారం పొద్దున్నే నాలుగు కాగితాలు తెచ్చి టైపిస్టు ముందు పెట్టారు. ఆవిడ మొహం ముడుచుకునే టైపు చేయడం మొదలుపెట్టింది.

“మరమ్మతు బల్లకు మనిషి కావలెను. దుప్పటిని వెలుతురుకు ఎత్తకుండా, అరచేత్తో నిమిరి చిరుగు ఎక్కడుందో చెప్పగలగాలి. గలీబు వాసన చూసి ఏ మెషీనులో సబ్బు ఎక్కువైందో చెప్పగలగాలి. పసిబిడ్డల బట్టలకు ముడి బయటికి వేయాలి, ఎందుకో అడిగితే విసుక్కోకుండా చెప్పాలి. దొరికిన వస్తువు ఎవరిదో తేలేదాకా నిద్రపట్టని స్వభావం ఉండాలి. పోయినేడు అలా ఇంటికి చేరినవి నలభై ఒకటి. కొత్తగా చేరినవాళ్లు బిక్కమొహం వేసుకుని తిరుగుతుంటే పిలిచి గుండీ కుట్టాలి. ఇది పనిలో భాగమని ఎవరూ చెప్పరు. కళ్లజోడు ఉండవచ్చు, వాడకపోయినా అభ్యంతరం లేదు. అనుభవం ఇరవై ఆరేళ్లకు తగ్గరాదు.”

గుండీ దగ్గరికి వచ్చేసరికి టైపిస్టు వేళ్లు ఆగిపోయాయి. తలెత్తి చూసింది.

“సార్... ఇది...”

“అక్షరదోషాలున్నాయా?”

“లేవు సార్.”

“మరి పెట్టెయ్. శుక్రవారమన్నారుగా మేడమ్.”

ఆవిడ వారం రోజుల అలకనూ అక్కడికక్కడే రద్దు చేసుకుని, మిగతాదీ టైపు చేసి, ‘పోస్ట్’ నొక్కింది.

సాయంత్రానికి ఆ పేజీ సంతలా తయారైంది. ఒక ఆస్పత్రి హెడ్ నర్సు రాసింది: “బిడ్డల చొక్కాల మీద ముడులు బయటికి ఎందుకుంటాయోనని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం. అంటే, అది మెషీను పొరపాటు కాదా? ఒక మనిషా?” పోయిన ఉంగరం తిరిగొచ్చిన పెళ్లికూతురు కృతజ్ఞతలు రాసింది. పళ్లసెట్టు ఆయన “హలో!” అని ఒక్కమాటే రాశాడు, దానికి రెండు వేల లైకులొచ్చాయి. చిన్న మేడమ్ ఆ కామెంట్లన్నీ చదివిందని టైపిస్టుకు తెలుసు. ఎందుకంటే ఆ సాయంత్రం మొదటిసారిగా మేడమ్ కూర్చుని ఉండటం చూసింది.

దరఖాస్తులూ కుప్పలుగా వచ్చాయి. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లు లేరు గానీ, ఇరవై ఆరేళ్ల వయసున్నవాళ్లు బోలెడుమంది. ప్రయత్నిస్తామన్నారు. తర్వాతి బుధవారం పరీక్ష పెట్టారు. బల్ల మీద పన్నెండు దుప్పట్లు, తాకి చిరుగులు చెప్పాలి. మేడమ్ స్వయంగా కూర్చుంది. ఒకతను ప్రతి దుప్పటిలోనూ చిరుగుందన్నాడు, ఒకాయన ఎందులోనూ లేదన్నాడు. వాసన చూడమంటే ఒకావిడ ఏడుసార్లు తుమ్మి సెలవు తీసుకుంది. పదకొండో నంబరు అమ్మాయి ఒక్కతే ఏడు చిరుగులు సరిగ్గా పట్టింది.

“తర్వాతివారు, పందొమ్మిది” అని పిలిచి టైపిస్టు తలుపు తీసింది. వరండాలో బెంచీ చివర, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, చీటీ గుప్పిట్లో పట్టుకుని సూదమ్మ కూర్చుని ఉంది.

ఆవిడ దరఖాస్తు మేడమ్ పైకి చదివింది: “మా కోడలి ఫోనులో మీ ప్రకటన చూశాను. నాకు తగినట్టుగా అనిపించింది. అనుభవం ఇరవై ఆరేళ్లన్నారు. నాకు ఇరవై ఏడు. ఒకటి ఎక్కువైతే ఇబ్బందా?”

ఒక్కరోజు గారు కిటికీలోంచి వ్యాన్లను లెక్కపెట్టుకుంటున్నట్టు నిలబడ్డారు.

“ఇంతకుముందు ఎక్కడ చేశారు?” అంది మేడమ్, కాగితం కింద పెట్టి.

“ఇక్కడేనమ్మా. ఆ కిటికీ పక్కన.”

“సరే. పరీక్ష మొదలుపెట్టండి.”

సూదమ్మ నుదుటి మీది కళ్లజోడును ఇంకాస్త పైకి తోసి, దుప్పట్లను పసిబిడ్డ వీపు నిమిరినట్టు నిమురుతూ పోయింది. ఇక్కడొకటి, ఇక్కడ రెండు, ఇది బాగానే ఉంది. తొమ్మిదోదాని దగ్గర ఆగి మొహం చిట్లించింది.

“ఇది మనది కాదమ్మా. అవతలి వీధి లాండ్రీది. వాళ్ల అంచు కుట్టు ఇంతే, వదులు. ఎలా వచ్చిందో ఏమో, కుట్టి పంపించేద్దాం.”

చిన్న మేడమ్ ముందు పెదవి బిగబట్టింది. తర్వాత కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది. అదీ చాలక కుర్చీలో వెనక్కి వాలి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

“సూదమ్మగారూ, నేను తొందరపడ్డాను. మీరు ఎంపికయ్యారు. ఎప్పుడు చేరతారు?”

“మధ్యాహ్నం నుంచే చేరతానమ్మా. పొద్దుటి గలీబులు అలాగే పడున్నాయి.”

కుట్టుమెషీను వచ్చింది. దాని మీదికి పదకొండో నంబరు అమ్మాయిని తీసుకున్నారు. పొడుగు చిరుగులు మెషీనుకి, మిగతావి సూదమ్మకి. ఆ అమ్మాయికి పని నేర్పే బాధ్యత కూడా సూదమ్మదే. మేడమ్ రోజూ ఓసారి ఆ బల్ల దగ్గర ఆగుతోంది. నిలబడే అనుకోండి, కానీ ఆగుతోంది.

“ఇదంతా మీ ఎత్తే కదా సార్?” అని టైపిస్టు నిలదీసింది.

“ఎత్తేమిటమ్మా? పని చూశాను, చూసింది రాశాను” అన్నారు ఒక్కరోజు గారు. “రాసింది చదువుకున్నాక, ఇంతపని చేసే మనిషి ఎక్కడ దొరుకుతుందా అని నాకే భయమేసింది.”

ఎంపికైనవాళ్లు చేరేముందు ఒక ఫారం నింపాలి. నిబంధన నిబంధనే కాబట్టి సూదమ్మ కూడా నింపింది. చివర్లో “మీ పని తెలిసినవారు ఎవరైనా ఉంటే, వారి గురించి రెండు మాటలు” అని ఒక గడి ఉంటుంది. సూదమ్మ అందులో ఒక్కరోజు గారి పేరు రాసి, కింద ఇలా నింపింది: “నా దగ్గర నాలుగు రోజులు పనిచేశారు. కుట్టు రాదు, ఇకముందు వచ్చే ఆశ కూడా లేదు. మనిషిని మాత్రం వదులుకోకండి.”

ఒక్కరోజు గారు దాన్ని ఆసాంతం చదివారు. గంభీరంగా తల పంకించి, “సరిగ్గా ఉంది” అని పక్కన రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఫైలులో పెట్టమని టైపిస్టు చేతికిచ్చారు.